స్వయంకృతమైనది స్వకీయమగునా?

మన భాషలో 'స్వయంకృతము' అను మాట ఒంటరిగా వినబడుట అరుదు. 'స్వయంకృతాపరాధము' అని తప్పుతో జతపడియే అది మన నోట వచ్చుచుండును. తనకు తాను చేసికొన్న మేలును స్వయంకృతోపకారమని ఎవ్వరును అనరు. ఎవడైనను తన తొందరపాటుచే చిక్కులలో పడినపుడు మాత్రమే ఆ మాట మనకు జ్ఞప్తికి వచ్చును. ఈ అలవాటులో కొంత తత్త్వము దాగియున్నదని నాకు చిరకాలముగా తోచుచున్నది. స్వయముగా చేయుటకును, తప్పునకును, ఆ తప్పునకు జవాబు చెప్పుకొనుటకును నడుమ విడరాని చుట్టరికము కలదని మన పెద్దలు గ్రహించియుందురు. ఆ చుట్టరికమెట్టిదో, ఒక వస్తువును 'ఇది నాది' అని చెప్పుకొనుటకు మనుష్యునకు ఎప్పుడు అర్హత కలుగునో విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

విచారణకు ఉదాహరణము కావలెను. తార్కికులు కుండను, కుమ్మరిని చెప్పిరి. నేను చెప్పబోవు ఉదాహరణము విద్యుత్తుతో మ్రోగు బేస్ గిటారు. సంఘ సంచికలో ఈ వస్తువేమని కొందరు పెద్దలు కనుబొమలు ముడివేయవచ్చును. కాని ఈ ప్రశ్నకు కుండకంటె ఇదియే అనుకూలము. కుండను ఒక కుమ్మరి ఒక మట్టిముద్దతో చేయును. ఈ వాద్యమును మొదటిసారి తన చేతులతో చేసికొనువాడు ఎందరో ఎరుగనివారు చేసిన వస్తువులను ఒకచోట కూర్చును. అయినను ముగించిన పిమ్మట 'నేనే చేసితిని' అనును. ఆ మాట ఎంతవరకు సత్యము?

ఈ వాద్యము పుట్టుకయే మన ప్రశ్నకు చక్కని పీఠిక. పాశ్చాత్యుల మేళములలో మంద్రస్వరమునకు ఆధారము డబుల్ బేస్ అను నిలువెత్తు వాద్యము. దానిని మోయుట కష్టము. విద్యుత్ గిటారుల హోరులో అది వినబడుట అంతకంటె కష్టము. 1930ల నడుమ అమెరికాలోని సియాటిల్ నగరమున పాల్ టుట్‌మార్క్ అనునతడు గిటారువలె అడ్డముగా పట్టి వాయింపదగిన విద్యుత్ బేస్ నొకదానిని చేసెను గాని అది ప్రచారము పొందలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అను ఊర లియో ఫెండర్ అను రేడియో మరమ్మతుదారు 'ప్రెసిషన్ బేస్' అను పేర తెచ్చినదే లోకమంతట వ్యాపించెను. ఖచ్చితత్వమని ఆ పేరునకు అర్థము. డబుల్ బేస్‌కు మెట్లు లేవు. స్వరస్థానమును వ్రేలే వెదకికొనవలెను. దీనికి మెట్లు కలవు గనుక స్వరము ఖచ్చితముగా పలుకును. ఫెండర్ మొదట చదివినది లెక్కల విద్య. కొంతకాలము లెక్కలు వ్రాసియే జీవించెను. ఆర్థికమాంద్యపు రోజులలో ఆ కొలువు పోగా 1938లో రేడియో దుకాణము పెట్టెను. 1991లో కన్నుమూయువరకు ఆయనకు గిటారు వాయించుట రాలేదు. ముప్పదియైదేండ్లు లెక్కల గుమాస్తాగా కాలము గడపిన నాకు ఈ సంగతి చదివినప్పుడు కలిగిన సంతోషము తోటి గుమాస్తాలకు వేరుగా చెప్పనక్కరలేదు. కాని సంతోషముతోబాటు సందేహమును కలిగెను. చేసినవానికి వాయించుట రాదు. వాయించువారు చేసినవారు కారు. ఆ నాదము ఎవరిది?

మా కోయంబత్తూరులో మా అన్నగారి మనుమడు ఇంజనీరింగు చదువుచున్నాడు. ఇళయరాజాగారి పాటలలో గాయకుని గొంతు క్రింద నడచు బేస్ గిటారు నడకలకు ముగ్ధుడై ఆ వాద్యమును నేర్వదలచెను. కొనిపెట్టెదనని తండ్రి చెప్పెను. వాడు మాత్రము, 'వద్దు, నేనే చేసికొందును' అనెను. అంతవరకు చిక్కులేదు. దానికి వలసిన కొయ్యగా వాడు కోరినది మా పాత ఇంటి ద్వారబంధము. మా తాతగారు కట్టించిన ఆ ఇంటిని పడగొట్టినపుడు టేకు ద్వారబంధమును మాత్రము మా అన్నగారు విడదీయించి వెనుకటి కొట్టులో భద్రపరచిరి.

'పండుగ పండుగకు మా అమ్మ పసుపు పూసి బొట్లు పెట్టిన గడప అది. నా పెండ్లికి తోరణము కట్టిన ద్వారమది. దానిని కోసి గిటారు చేసెదవా?' అని మా అన్నగారు కోపించిరి.

'తాతా, పదేండ్లనుండి అది చీకటికొట్టులోనే యున్నది. ఒక మూల చెదపట్టినది, చూచితివా?' అని వాడు మెల్లగా అడిగెను.

ఇద్దరును ఆ కొయ్యను 'మనది' అనుచునే యుండిరి. పెద్దవాని దృష్టిలో మనది అనగా మనకు వచ్చినది, చెక్కుచెదరక నిలుపవలసినది. చిన్నవాని దృష్టిలో మనది అనగా మనము వాడుకొనదగినది. ఈ రెండును న్యాయములే. లోకములో వారసత్వమును గూర్చిన తగవులన్నియు ఈ రెండు న్యాయముల నడుమ పుట్టినవే. కొన్ని దినములు ఇంటిలో మాటలు తగ్గెను. తుదకు మా అన్నగారు ఒక తీర్పు చేసిరి. గడపను మాత్రము ముట్టరాదు. దానిని ఇప్పటి ఇంటి పూజగదికి అమర్చవలెను. ప్రక్క నిలువుకమ్ములను వాడు తీసికొనవచ్చును. అయితే ఒక షరతు: 'కోసినచో పూర్తిచేయవలెను. సగములో విడిచితివేని ఇటు ద్వారమును లేదు, అటు వాద్యమును లేదు.'

ఆ షరతులోనే నా ప్రశ్నకు సమాధానము కలదని నాకు అప్పుడు తోచలేదు. పని జరుగుచుండగా క్రమముగా తోచెను.

నిలువుకమ్ములను వడ్రంగి ఆచారిగారి దగ్గర నాలుగు పలకలుగా కోయించి, చిత్రిక పట్టి, జిగురుతో అతికి, సుమారు 45 మిల్లీమీటర్ల మందముగల దిమ్మెగా చేసెను. అదే వాద్యమునకు ఒడలు. మెడకు మేపుల్ కొయ్యయు, బిరడలును, తంతులును బజారులో కొనెను. మెట్ల పలకకు ఇరుగుడు కొయ్య తెచ్చెను. దీనినే కన్నడిగులు బీటె యందురు. మన పడమటి కనుమలలో పెరుగు ఈ చెట్టు కొయ్యను దేశదేశముల గిటారు పనివారు కోరి వాడుదురు. అడవులలో దాని జాతి తరిగిపోవునను భయముచే 2017లో దాని అంతర్జాతీయ వ్యాపారముపై నిబంధనలు వచ్చెను. తయారైన వాద్యములకు మాత్రము 2019లో సడలింపు కలిగెను.

నాలుగు తంతులను శ్రుతికి బిగించినపుడు సుమారు 80 కిలోల లాగుడు ఆ సన్నని మెడపై పడును. ఒక నిండు మనిషి ఎల్లవేళల దానిని వంచుచున్నట్లే. అందుచే మెడలోపల ఒక ఇనుపకడ్డిని దాచి, మరతో బిగించి, ఆ వంపునకు ఎదురు నిలుపుదురు. తంతులక్రింద పికప్ అను సాధనము కలదు. అయస్కాంతము చుట్టు వెండ్రుకవంటి రాగితీగను వేలకొలది చుట్లు చుట్టుటయే దాని నిర్మాణము. ఉక్కుతంతి దానిపై కంపించినపుడు తీగలో విద్యుత్తు పుట్టును. దీనికి మూలమైన సూత్రమును మైకేల్ ఫారడే 1831లో కనుగొనెను. అన్నిటికంటె లావైన తంతి సెకనుకు 41 మారులు కంపించును. చెవికంటె ముందు గుండెకు తగులు నాదమది.

మెట్లు వేయుట ఈ పనిలో మిక్కిలి సూక్ష్మమైనది. తంతి పొడవు 34 అంగుళములు, అనగా 863.6 మిల్లీమీటర్లు. దీనిని 17.817చే భాగింపగా వచ్చు 48.47 మిల్లీమీటర్లు మొదటి మెట్టు దూరము. మిగిలిన పొడవును మరల అదే సంఖ్యచే భాగింపగా రెండవ మెట్టు వచ్చును. ఇట్లు పోగా 12వ మెట్టు సరిగా తంతి నడిమికి, 431.8 మిల్లీమీటర్లకు వచ్చును. నొక్కని తంతి షడ్జమైనచో అచ్చట పైస్థాయి షడ్జము పలుకును. పూర్వము ఐరోపాలో 18చే భాగించు సులభసూత్రము ఉండెను. ఖగోళవేత్తయగు గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ 1581లో తన గ్రంథమున దీనిని చెప్పెను. 17.817నకు 18కి భేదము నూటికి ఒక పాలు మాత్రమే. కాని 34 అంగుళముల తంతిపై 12వ మెట్టునకు చేరుసరికి ఆ భేదము మూడు మిల్లీమీటర్లు దాటును. అపస్వరమును పసిబిడ్డయు కనిపెట్టగలడు.

మా వాడు సరియైన సంఖ్యనే వాడెను. అయినను మొదటి పలక చెడిపోయెను. ప్రతి మెట్టును దాని ముందరి మెట్టునుండి కొలిచి గుర్తు పెట్టుటయే కారణము. ప్రతి కొలతలోను పావు మిల్లీమీటరు తప్పు దొరలినచో ఒక్కొక్క మెట్టుకడ అది కంటికి కనబడదు. పండ్రెండవదానికి మూడు మిల్లీమీటర్లగును. తంతిని మోయు గుఱ్ఱమును ముందువెనుకలకు జరిపి కొంత సవరింపవచ్చును గాని, మెట్లలో మెట్లకు గల తప్పును సవరించుట దానికి శక్యము కాదు. రెండవ పలకపై వాడు అన్ని మెట్లను తంతి మొదటినుండియే కొలిచెను. అప్పుడు ఒక మెట్టులో దొరలిన తప్పు ఆ మెట్టుతోనే ఆగిపోవును. తరువాతి మెట్టునకు ప్రాకదు.

లెక్కల పుస్తకములు వ్రాసినవారికి ఇది క్రొత్తకాదు. ఒక పుట మొత్తమును తరువాతి పుటకు తెచ్చుకొనుచు పోవునపుడు మొదటి పుటలోని తప్పు కడపటి పుటవరకు ప్రయాణము చేయును. నడవడి విషయమునను ఇంతే. మనలో పెక్కుమంది నేటి నడతను నిన్నటి నడతతో పోల్చి, పెద్ద తేడా లేదని తృప్తిపడుదుము. లేదా పొరుగువానికంటె కొంచెమే తక్కువయని ఊరడిల్లుదుము. ప్రతి అడుగును దానికి ముందరి అడుగుతో సరిగానే యుండును. ఇరువదియేండ్లకు చూచినచో బయలుదేరిన త్రోవయే కనబడదు. మూలమునుండి కొలుచుకొనువాడు మాత్రమే తాను ఎంతదూరము తొలగెనో ఎరుగును.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. 17వ శతాబ్దమునకు చెందిన ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్, మనుష్యుడు ప్రకృతిలోని వస్తువుతో తన శ్రమను కలిపినపుడు అది అతని సొత్తగునని వాదించెను. వినుటకు బాగుగనే యున్నది. కాని మా వాని గిటారులో ఎవరి శ్రమ లేదు? టేకుకమ్మిలో మా తాతగారి సంపాదనయు, దానిని మొదట చెక్కిన పేరు తెలియని వడ్రంగి నేర్పును కలవు. రాగితీగ చుట్టినవారెవరో, బిరడలు పోతపోసినవారెవరో తెలియదు. ఆకారమును ఊహించినవాడు ఫెండర్. ఆ శ్రమలన్నిటి ప్రక్కన నిలిపి చూచినచో మా వాని ఆరునెలల శ్రమ స్వల్పము. శ్రమ చొప్పున పంచినచో వానికి దక్కునది ఏ బిరడయో, మెట్టో మాత్రమే.

మన గీత ఈ విషయమున లాక్‌కంటె లోతుగా పోయినది. 18వ అధ్యాయములో ఏ కర్మకైనను ఐదు కారణములు చెప్పబడెను: అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, దైవము. ఐదుండగా తానొక్కడే కర్తనని తలచువాడు సరిగా చూడనివాడని కూడ అచ్చటనే హెచ్చరిక కలదు. దీనినిబట్టి 'నేనే చేసితిని' అను మాటలో 'చేసితిని' తప్పుకాదు. ఆ చిన్న 'ఏ'కారమే తప్పు.

అట్లయినచో కర్తకు మిగులునదేమి? ఐదింటిలో నాలుగు ఇతరములైనపుడు 'నాది' అనుటకు హక్కెక్కడిది? ఇందుకు సమాధానము వాద్యము పూర్తియైన దినముననే దొరకెను. తంతులు బిగించి, టంకము పెట్టి, తీగెను ఆంప్లిఫయరునకు తగిలింపగా, స్వరమునకు బదులు తుమ్మెదల గుంపువంటి గుయ్యిమను రొద వచ్చెను. కొన్న వాద్యమైనచో ఏమి చేసియుందుము? దుకాణమునకు పోయి కేకలు వేసియుందుము. దుకాణదారు కంపెనీని, కంపెనీ విద్యుత్తును నిందించియుండును. ఇచ్చట నిందించుటకు ఎవ్వరును లేరు. వాడు మాటాడక వెనుక మూత విప్పి, ఒక్కొక్క తీగెను పటమునుబట్టి చూచుకొనుచు సాయంకాలమంతయు కూర్చుండెను. గుఱ్ఱమునుండి నేలకంపు తీగె కలుపుట మరచినట్లు కనుగొని దానిని అతికెను. తంతులపై చేయి వేయగానే రొద అణగెను. పిమ్మట మ్రోగిన మొదటి స్వరమునకు పూజగది తలుపుల గాజులు కొంచెము అదరెను.

ఆడలేక మద్దెల ఓడని చెప్పువారిని గూర్చి మనకు సామెత కలదు. మద్దెలను తానే చేసికొన్నవానికి ఆ సాకు చెల్లదు. ఓడు మద్దెలది యైనను తనదే, ఆట లోపమైనను తనదే. ఇదియే నాకు తేలిన సిద్ధాంతము: ఒక వస్తువు మనదగుట దాని పుట్టుకచే కాదు, దానికి పెట్టిన వెలచే కాదు, శ్రమలో మన వంతుచే కూడ కాదు. దాని తప్పునకు జవాబు చెప్పుటకు మనము ఒప్పుకొన్నపుడే అది మనదగును. మా అన్నగారి షరతు అర్థమిదియే. ఆయన ఆ కొయ్యను మనుమనికి ఊరక ఈయలేదు, జవాబుదారీతో ఇచ్చిరి. స్వయంకృతమునకు అపరాధమును జతచేసిన మన భాషయు ఇదే చెప్పుచున్నది.

దీనికి కొన్ని ఆక్షేపణలు రావచ్చును. బజారులో ఇంతకంటె మంచి వాద్యము దొరకును గదా, ఈ శ్రమ యేల అని కొందరందురు. నిజమే. వ్యయపట్టికను నేనే వ్రాసితిని; చెడిపోయిన పలకను కలిపి చూడగా కొన్నదానికంటె ఇది చౌక కాలేదు. ఆదాయము కొరకు చేయదగిన పని ఇది కాదు. అన్నిటిని చేసికొనవలెనని కూడ నా వాదము కాదు. అది జరుగునదియు కాదు. జీవితములో ఏదో ఒక్క వస్తువునైనను మొదటినుండి తుదివరకు చేసినవానికి తక్కిన వస్తువులను చూచు చూపు మారునని మాత్రమే నా మనవి. దీనిచే గర్వము పెరుగునని మరికొందరందురు. నేను చూచినది దీనికి విరుద్ధము. తానొక మెట్ల పలకను పాడుచేసికొన్న పిమ్మటనే మా వాడు వీణను ఆదరముతో చూడ నేర్చెను. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనివారు ఒకే పనసమ్రానును తొలిచి కుండను, దండిని ఏకాండముగా తీయుదురని చదివి, 'అతుకులేకుండ ఎట్లు సాధ్యమగును?' అని ఆశ్చర్యపడెను. తంజావూరు నాయకరాజును తెలుగు కవియు నగు రఘునాథనాయకుని కాలమున వీణకు 24 మెట్లు స్థిరపడెనని ప్రతీతి. ఆ మెట్లను సంఖ్యతో గాక చెవితో విని, మైనముపై జరిపి నిలుపుదురని చెప్పగా వాడు చాలసేపు మాటాడలేదు. చేయనివాడు వెల యెంతయని అడుగును; చేసినవాడు ఎట్లు చేసిరని అడుగును. ఈ రెండవ ప్రశ్నలోనే కృతజ్ఞతకు మొదలు కలదు.

ఈ విచారణ వాద్యముతో ముగియదు. తరతరములుగా ఇతర భాషల నడుమ స్థిరపడిన మనకు తెలుగు ఆ ద్వారబంధమువంటిది. పెద్దలు మోసికొనివచ్చి నిలిపినది. ఒకప్పుడు ఈ ప్రాంతములలో బడికి పంపినచో తెలుగు వచ్చెడిది. నేడు ఆ పరిస్థితి లేదు. తమిళనాడులో 2006లో తమిళాభ్యసన చట్టము వచ్చి, తరగతి తరగతికి అమలై, 2015-16 నాటికి పదవ తరగతిని చేరెను. ఉన్న నేలయొక్క భాషను నేర్చుట మనకు ధర్మమే, అందు వాదులేదు. కాని బడిలో దొరకెడి తెలుగును ఇక ఇంటిలో చేసికొనవలసియున్నది. అది చేతిపనియే. మొదటి పలక చెడును. పిల్లవాడు ఒత్తులు తప్పును, తమిళపు యాస కలుపును, వాక్యమునకు నడుమ ఆంగ్లమును అతికించును. అందులకు నవ్వి వాని చేతిలోని పనిముట్టును లాగికొనువారు ద్వారబంధమును చీకటికొట్టులో దాచువారితో సమానులు. చెదలు వారిని మెచ్చుకొనును.

అయితే గడపను గూర్చి మా అన్నగారు చేసిన తీర్పును కూడ మరువరాదు. కోయదగినది ఏదో, ముట్టరానిది ఏదో ముందుగా నిర్ణయించుకొనకయే రంపము పట్టినచో మిగులునది రంపపుపొట్టు మాత్రమే. మన ఉచ్చారణ మారవచ్చును, మాటలు కొన్ని పోయి కొన్ని రావచ్చును. అక్షరము మాత్రము గడపవంటిది. దానిని నిలిపి తక్కినదానిని పిల్లల చేతికి ఈయవలెను. ఇచ్చునపుడు 'పాడుచేయకుము' అని గాక 'పూర్తిచేయుము' అని చెప్పి ఈయవలెను. వారు తప్పు చేసి, దానికి తామే జవాబుదారులై, మూత విప్పి తామే సవరించుకొన్న నాడు ఆ భాషను వారు తాతలదని చెప్పరు, మాదియని చెప్పుదురు.